కుటుంబంతో హోటల్‌కి వెళ్తే బిల్లు ఎక్కడ పెరుగుతుంది, ఎలా దించాలి: సమగ్ర మార్గదర్శి

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఒక మోస్తరు ఏసీ ఫ్యామిలీ రెస్టారెంట్ అనుకుందాం. ఇద్దరు పెద్దవాళ్లు, పదేళ్ల పాప, ఆరేళ్ల బాబు ఆకలితో వచ్చి కూర్చున్నారు. వెయిటర్ అడిగినదానికల్లా "సరే" అంటూ పోతే ఆర్డర్ ఇలా తేలుతుంది. ధరలు లెక్క కోసం వేసుకున్నవి, మీ ఊళ్లో కాస్త అటూ ఇటూ ఉంటాయి.

- సూప్ రెండు: 320 రూపాయలు
- చికెన్ 65 ఒకటి, పనీర్ మంచూరియా ఒకటి: 640
- వాటర్ బాటిళ్లు రెండు: 100
- చికెన్ బిర్యానీ రెండు: 720
- పనీర్ బటర్ మసాలా ఒకటి, బటర్ నాన్ నాలుగు: 560
- ఫ్రెష్ లైమ్ సోడా రెండు: 220
- ఖుబానీ కా మీఠా రెండు: 340

మొత్తం 2,900. దానిపై 5 శాతం జీఎస్టీ 145. బిల్లు 3,045 రూపాయలు.

ఇందులో కడుపు నింపేవి బిర్యానీ, కూర, నాన్. వాటికైంది 1,280 మాత్రమే. మిగతా 1,620 రూపాయలు సూప్, స్టార్టర్, నీళ్లు, సోడా, స్వీటు పట్టుకుపోయాయి. పైగా అవన్నీ ముందే కడుపులో చేరడం వల్ల రెండో బిర్యానీలో సగం ప్లేటులోనే ఉండిపోతుంది. అంటే మనం డబ్బు పోగొట్టుకునేది ఇష్టంగా తిన్నదాని మీద కాదు, ఆకలి తొందరలో చెప్పేసినదాని మీద.

అదే కుటుంబం, అదే హోటల్. ఆర్డర్ ఇలా మార్చండి: సూప్ ఒకటి, వన్ బై టూ (160). స్టార్టర్ ఒకటే (340). మామూలు నీళ్లు. బిర్యానీ ఒకటి (360), పనీర్ కూర ఒకటి (300), తందూరీ రోటీ నాలుగు (160). స్వీటు ఒకటి, స్పూన్లు నాలుగు (170). మొత్తం 1,490, జీఎస్టీ 74.50, కలిపి 1,564.50. బిల్లు దాదాపు సగానికి దిగింది. ఎవరూ ఆకలితో లేవరు. చాలకపోతే ఇంకో రెండు రోటీలు చెప్పడానికి రెండు నిమిషాలు పడుతుంది, అంతే.

ఇక్కడి నుంచి ఒక్కో మెట్టూ వివరంగా చూద్దాం.

మొదటి మెట్టు: బయల్దేరే ముందు

పిల్లలకు గంట ముందు ఒక అరటిపండో, ఒక ఇడ్లీనో, చిన్న గ్లాసు పాలో పెట్టండి. ఈ చిన్న పని మిగిల్చినంత డబ్బు ఏ ఆఫరూ మిగల్చదు. ఆదివారం రాత్రి ఎనిమిదింటికి హోటల్ ముందు అరగంట నిలబడి, లోపలికి వెళ్లాక ఇంకో ఇరవై నిమిషాలు ఎదురుచూసిన పిల్లవాడు కనిపించినదల్లా అడుగుతాడు. వాడిని ఊరుకోబెట్టడానికి ఫ్రెంచ్ ఫ్రైస్, మిల్క్ షేక్ చెప్పేస్తాం. తీరా బిర్యానీ వచ్చేసరికి వాడికి ఆకలి ఉండదు.

వీలైతే వేళ మార్చండి. ఆదివారం రాత్రి భోజనం బదులు ఆదివారం పొద్దున టిఫిన్‌కి వెళ్లండి. నలుగురూ ఇడ్లీ, వడ, ఉప్మా పెసరట్టు, ఫిల్టర్ కాఫీ సుష్టుగా తిన్నా రాత్రి డిన్నర్‌లో రెండు స్టార్టర్లకు పెట్టే డబ్బు కన్నా తక్కువే అవుతుంది. టిఫిన్ సెంటర్‌లో సూప్ ఉండదు, స్టార్టర్ ఉండదు, ప్రతి ఐటమ్ ధరా గోడ మీద రాసి ఉంటుంది. కలిసి బయట తినాలన్న సరదా తీరుతుంది, పొద్దునే కాబట్టి రద్దీ కూడా తక్కువ.

వెళ్లబోయే హోటల్ మెనూ ముందుగా ఫోన్‌లో చూడండి. అయితే డెలివరీ యాప్‌లో కనిపించే ధరలు హోటల్‌లో కూర్చుని తినే ధరలు కాకపోవచ్చు. చాలా హోటళ్లు కమిషన్ కలుపుకుని యాప్‌లో ధర పెంచి పెడతాయి. మెనూ కార్డు ఫొటోలు చూడండి, అవి ఎప్పటివో తేదీ కూడా చూడండి. ఇంట్లోనే మాట్లాడుకుని ముఖ్యమైన వంటకాలు రెండు నిర్ణయించుకుంటే, అక్కడ కార్డు తెరిచాక మనసు నాలుగు దిక్కులా పోదు.

రెండో మెట్టు: ఎలాంటి హోటల్?

మీ పిల్లల వయసు, తిండి చూసి హోటల్ ఎంచుకోవాలి. ఇక్కడ చేసే పొరపాటును తర్వాత ఏ జాగ్రత్తా సరిదిద్దలేదు.

*ఆంధ్రా భోజనం.* అన్‌లిమిటెడ్ భోజనం ఒక్కొక్కరి లెక్కన ఇస్తారు. ఒక భోజనం చెప్పి ఇద్దరు పంచుకుంటామంటే ఒప్పుకోరు, అది న్యాయమే. పప్పు, వేపుడు, కూర, పచ్చడి, సాంబారు, రసం, పెరుగు మళ్లీ మళ్లీ వడ్డిస్తారు. కానీ స్వీటు ఒక్కసారే. కొన్నిచోట్ల అప్పడం, పెరుగు కప్పు కూడా ఒక్కసారే. చేపల పులుసు, నాటుకోడి, రొయ్యల వేపుడు లాంటివి భోజనంలో చేరవు, విడిగా బిల్లు పడతాయి. "స్పెషల్స్" అంటూ పళ్లెంలో పెట్టి తిప్పేవి కూడా అంతే. వాటిని టేబుల్ మీద పెట్టనిచ్చే ముందే "ఇది భోజనంలోదేనా, విడిగానా?" అని అడగాలి.

చిన్న పిల్లలకు పూర్తి భోజనం చెప్పడం దండగ. కూర్చునే ముందే కౌంటర్‌లో అడగండి: "ఆరేళ్ల బాబున్నాడు, వాడికి పెరుగన్నం ఒకటి చెప్పి మాతోపాటు కూర్చోబెట్టుకోవచ్చా?" చాలాచోట్ల సరే అంటారు. అడగకుండా మీ ప్లేటులోంచి పెడితే మాత్రం ఇంకో భోజనం బిల్లు వేయవచ్చు. ఏసీ హాలు, మామూలు హాలు విడిగా ఉన్న హోటళ్లలో రెండు మెనూలుంటాయి, వంటగది ఒకటే. ఒకప్పుడు పన్ను కూడా వేరుగా ఉండేది. 2017 నవంబర్ నుంచి రెండింటికీ 5 శాతమే. ఇప్పుడు తేడా అంతా మెనూ ధరలోనే ఉంది. చలికాలం మధ్యాహ్నం ఏసీ హాలు మెట్లెక్కే ముందు ఒకసారి ఆలోచించండి.

*బిర్యానీ.* హైదరాబాద్ హోటళ్లలో సింగిల్ అనే బిర్యానీ సాధారణంగా ఒక పెద్దవాళ్లకు మించే ఉంటుంది. మిర్చీ కా సాలన్, రైతా దానితోనే వస్తాయి, కాబట్టి విడిగా గ్రేవీ కూర అక్కర్లేదు. ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు బిర్యానీ మాత్రమే తినేటట్టయితే రెండు చికెన్ బిర్యానీలు చెప్పే బదులు ఒక చికెన్ బిర్యానీ, ఒక బిర్యానీ రైస్ చెప్పండి. ముక్కలు లేని ఆ రైస్ ధర బాగా తక్కువ. పిల్లలు ఎలాగూ అన్నమే ఎక్కువ తింటారు. ముక్కలు చాలవనిపిస్తే ఒక స్టార్టర్ దాన్ని భర్తీ చేస్తుంది.

పార్శిల్‌లో ఫ్యామిలీ ప్యాక్, జంబో ప్యాక్ అనే పేర్లకు ఒక కొలత అంటూ లేదు. ఒక హోటల్ ఫ్యామిలీ ప్యాక్ ఇంకో హోటల్ రెండు సింగిళ్లతో సమానం కావచ్చు. అడగాల్సినవి రెండే: ఎంతమందికి, ఎన్ని ముక్కలు? సింగిల్‌లో ఎన్ని ముక్కలో కూడా అడిగి, ముక్క లెక్కన ధర పోల్చండి.

*మందీ.* హైదరాబాద్ బార్కస్ నుంచి ఊరంతా పాకిన ఈ అరబ్బీ వంటకం కుటుంబాలకు చాలా అనువైనది, ఎందుకంటే దాన్ని అమ్మేదే పంచుకుని తినే పళ్లెంగా. ఇద్దరికి, ముగ్గురికి, నలుగురికి అని ధర రాసి ఉంటుంది. ఇద్దరు పెద్దలు, పదేళ్ల లోపు పిల్లలు ఇద్దరు ఉంటే ముగ్గురి పళ్లెం సరిపోతుంది. కారం తక్కువ కాబట్టి పిల్లలకు విడిగా ఏదీ చెప్పక్కర్లేదు. అదనపు అన్నం ఉచితమా, ధర ఉందా అన్నది హోటల్‌ను బట్టి మారుతుంది, ముందే తెలుసుకోండి.

*బఫే.* మా అభిప్రాయం సూటిగా చెబుతాం: పన్నెండేళ్ల లోపు పిల్లలున్న ఇంటికి బఫే అరుదుగా గిట్టుబాటవుతుంది. పెద్దలకు 700, పిల్లలకు 400 అనుకుంటే నలుగురికి 2,200, జీఎస్టీతో 2,310. పైన చెప్పిన జాగ్రత్త ఆర్డర్ 1,564.50 దగ్గరే ఆగింది. పెట్టిన డబ్బుకు సరిపడా తినాలన్న పట్టుదలతో తింటే రాత్రంతా కడుపుబ్బరం తప్పదు. ఎదిగిన పిల్లలు, బాగా తినే పెద్దలు ఉన్న ఇంటికి మాత్రం బఫే మంచి బేరమే. అప్పుడు కూడా వారం మధ్యలో మధ్యాహ్నం వెళ్లండి. అదే వంటకాలకు శని, ఆదివారాల రాత్రి ధర ఎక్కువ.

బఫే బుక్ చేసేటప్పుడు అడగాల్సినవి ఇవి. పిల్లల ధర ఏ వయసు వరకు, లేక ఎత్తు చూస్తారా? చెప్పిన ధర పన్నుతోనా, పన్ను కాకుండానా? మెనూలో ధర పక్కన రెండు ప్లస్ గుర్తులు కనిపిస్తే పన్ను, ఇతర చార్జీలు పైన పడతాయని అర్థం. కూల్‌డ్రింక్, బాటిల్ నీళ్లు బఫేలో భాగమేనా? చాలాచోట్ల కాదు.

*స్టార్ హోటల్.* గది అద్దె రోజుకు 7,500 రూపాయలు దాటే పెద్ద హోటళ్ల లోపలి రెస్టారెంట్లలో జీఎస్టీ 18 శాతం. బయటి రెస్టారెంట్‌లో 3,000 రూపాయల తిండికి పన్ను 150, ఇక్కడ 540. పెళ్లిరోజుకో పుట్టినరోజుకో వెళ్లాలనిపిస్తే వెళ్లండి, ఆ 18 శాతం కూడా కలుపుకుని లెక్క వేసుకోండి.

*కర్రీ పాయింట్.* ఇది హోటల్ కాదు గానీ, వంట చేసే ఓపిక లేక బయట తినాలనుకునే సాయంత్రాలకు మన ఊళ్లలో ఇంతకు మించిన ఉపాయం లేదు. ఇంట్లో కుక్కర్‌లో అన్నం పెట్టి, పప్పు, వేపుడు, సాంబారు ప్యాకెట్లు తెచ్చుకుంటే నలుగురి భోజనం ఒక బిర్యానీ ధరలోపే అయిపోతుంది. సాయంత్రం ఏడున్నర లోపు వెళ్లండి. ఆలస్యమైతే వేపుళ్లు అయిపోతాయి, పప్పు అడుగుది మిగులుతుంది. సొంత డబ్బాలు తీసుకెళ్తే ఇంకా మంచిది, వేడి సాంబారును ప్లాస్టిక్ కవర్లో పోయించుకునే బాధ తప్పుతుంది.

మూడో మెట్టు: కూర్చున్న మొదటి పది నిమిషాలు

బిల్లు ఎంత అవుతుందో ఈ పది నిమిషాల్లోనే దాదాపు తేలిపోతుంది.

మొదటి ప్రశ్న నీళ్ల గురించి వస్తుంది. "మినరల్ వాటర్ తెమ్మంటారా సార్?" అని అడుగుతూనే సీలు తీసేవాళ్లూ ఉంటారు. "మామూలు నీళ్లు తెండి" అని స్పష్టంగా చెప్పండి. తాగే నీళ్లు ఇవ్వడం ఏ హోటల్‌కైనా బాధ్యతే. బాటిల్ మీద 20 రూపాయల ఎమ్మార్పీ ఉండగా 50 ఎందుకు వేశారని గొడవ పడితే మాత్రం లాభం లేదు. హోటళ్లు, రెస్టారెంట్లలో కూర్చోబెట్టి వడ్డించే నీళ్లకు ఎమ్మార్పీ నిబంధన వర్తించదని సుప్రీంకోర్టు 2017 డిసెంబర్‌లో తీర్పు చెప్పింది. దుకాణంలో, పార్శిల్ కౌంటర్‌లో సీలు బాటిల్‌గా కొంటే ఎమ్మార్పీ దాటకూడదు. నీటి శుభ్రత మీద అనుమానం ఉంటే ఇంటి నుంచి రెండు స్టీలు బాటిళ్లు తెచ్చుకోండి. ఫ్యామిలీ రెస్టారెంట్లలో మామూలుగా ఎవరూ అభ్యంతరం చెప్పరు.

రెండోది సలాడ్. "సలాడ్ తెండి" అంటే కీరా, క్యారట్ ముక్కలు పేర్చిన గ్రీన్ సలాడ్ వస్తుంది, బిల్లులో వంద దాకా పడుతుంది. "ఉల్లిపాయ, నిమ్మకాయ తెండి" అంటే ఎక్కువ చోట్ల ఉచితంగానే పెడతారు. మసాలా పాపడ్ కూడా ఇలాగే, మాటల్లో మాటగా ఆర్డర్‌లో చేరిపోతుంది.

సూప్ చెప్పాలనిపిస్తే వన్ బై టూ అడగండి. ఒక సూప్‌ను వంటగదిలోనే రెండు గిన్నెల్లో పోసి తెస్తారు. కొన్నిచోట్ల ఒక గిన్నెకు సరిపడేదాని కన్నా కాస్త ఎక్కువే పోస్తారు.

మెనూలో ధర ఉండాల్సిన చోట ఏపీఎస్ అని ఉంటే, సైజును బట్టి ధర అని అర్థం. పొమ్‌ఫ్రెట్, పీత, పెద్ద రొయ్యల దగ్గర ఇది ఎక్కువగా కనిపిస్తుంది. ఆ రోజు బరువెంత, ధరెంత అని రూపాయల్లో చెప్పించుకోకుండా ఆర్డర్ చేయకండి. "ఈరోజు స్పెషల్" అంటూ కార్డులో లేనిది నోటితో చెప్పినా ఇంతే. ధర అడగడంలో చిన్నతనం ఏమీ లేదు. వెయిటర్‌కి అది రోజూ వినే ప్రశ్నే.

నాలుగో మెట్టు: రెండు విడతల ఆర్డర్

ఒకేసారి అంతా చెప్పకండి. మొదటి విడతలో స్టార్టర్ ఒకటి, ప్రధాన వంటకం ఒకటి, రోటీలు మనిషికి ఒకటి లెక్కన చెప్పండి. అవి సగం అయ్యాక చూసుకుని రెండో విడత చెప్పండి. రద్దీ వేళ రెండో విడత రావడానికి పదిహేను నిమిషాలు పట్టవచ్చు, కాబట్టి ప్లేటు ఖాళీ అయ్యేదాకా ఆగకుండా సగంలోనే చెప్పాలి. "అన్నీ ఒకేసారి చెప్పండి సార్, వంటగది మూసేస్తారు" అని రాత్రి పదిన్నర తర్వాత అంటారు. ఆ వేళకు వెళ్లకపోవడమే మంచిది.

కొలతలకు ఒక అంచనా: నలుగురికి (ఇద్దరు పెద్దలు, ఇద్దరు చిన్నలు) స్టార్టర్ ఒకటి. మామూలు రెస్టారెంట్‌లో ఒక చికెన్ స్టార్టర్‌కు ఆరు నుంచి ఎనిమిది ముక్కలు వస్తాయి, అంటే తలా ఒకటిన్నర నుంచి రెండు. గ్రేవీ కూర ఒకటి నాలుగైదు రోటీలకు సరిపోతుంది. కూర అయిపోయి రోటీ మిగలడం కన్నా, రోటీ అయిపోయి కూర మిగలడమే ఎక్కువగా జరుగుతుంది. అందుకే రెండో కూర చెప్పే ముందు రెండు రోటీలు చెప్పి చూడండి. బటర్ నాన్ బదులు తందూరీ రోటీ అయితే ధర తక్కువ, కూర రుచి కూడా బాగా తెలుస్తుంది.

హాఫ్ ప్లేటు విషయంలో ఒక జాగ్రత్త. హాఫ్ ధర ఫుల్ ధరలో సరిగ్గా సగం ఉండదు, ఎప్పుడూ కొంచెం ఎక్కువే. ఒక్క హాఫ్‌తో ఆగేటట్టయితేనే లాభం. హాఫ్ చెప్పి, చాలక ఇంకో హాఫ్ చెబితే ఫుల్ కన్నా ఎక్కువ కడతారు.

కిడ్స్ మీల్ అంటూ రంగు బొమ్మలతో ఇచ్చేవి అక్కర్లేదు. కూరను "కారం తక్కువ" అని చెప్పి, ఒక ఖాళీ ప్లేటు అడిగి పెద్దల నుంచి పంచితే చాలు. పిల్లలు కారం అసలు తినకపోతే పెరుగన్నం, జీరా రైస్, లేదా సాదా దోసె చెప్పండి. ఏడాది, రెండేళ్ల పాపాయికి ఇంటి నుంచి మెత్తని అన్నం తీసుకెళ్లండి.

చల్లటి డ్రింకుల విషయంలో పిల్లలతో ఇంట్లోనే ఒప్పందం చేసుకోండి: డ్రింకా, స్వీటా, ఏదో ఒకటే. తిరిగివచ్చేదారిలో ఐస్‌క్రీమ్ బండి దగ్గర ఆగితే, హోటల్‌లో ఒక స్వీటుకు అయ్యే డబ్బుతో నలుగురూ తినవచ్చు. పిల్లలకు ఆ ఆగడమే ఎక్కువ సరదా.

ఐదో మెట్టు: ఆఫర్లను లెక్క కట్టడం

డిస్ట్రిక్ట్, స్విగ్గీ డైనౌట్, ఈజీడైనర్ లాంటి యాప్‌లలో హోటల్ బిల్లు మీద తగ్గింపులు నిజంగానే ఉంటాయి. బ్యాంకు కార్డుల ఆఫర్లూ ఉంటాయి. కాని లెక్క చూడండి. మొదటి ఆర్డర్ 2,900 మీద 25 శాతం తగ్గింపు వచ్చిందనుకుందాం. 2,175, జీఎస్టీతో 2,283.75. ఆఫర్ ఏదీ లేకుండా జాగ్రత్తగా ఇచ్చిన ఆర్డర్ 1,564.50. రెండూ కలిస్తే, అంటే 1,490 మీద 25 శాతం తగ్గితే పన్నుతో 1,173 చిల్లర. కాబట్టి ఆర్డర్ ముందు తేల్చుకోండి, ఆఫర్ ఆ తర్వాత.

"2,500 దాటితే 500 తగ్గింపు" లాంటివి కుటుంబాలను ఎక్కువగా పడేస్తాయి. మీ బిల్లు 1,490 దగ్గర ఉంటే, 500 కోసం ఇంకో 1,010 రూపాయల తిండి చెప్పాలి. బిల్లు 2,400 దగ్గరకు సహజంగా వచ్చినప్పుడు మాత్రమే ఇంకో వంద కలిపి ఆఫర్ వాడుకోండి, అదీ పార్శిల్‌గా రేపటికి పనికొచ్చేది చెప్పి.

వెళ్లే ముందు యాప్‌లో చదవాల్సిన షరతులు: ముందుగా టేబుల్ బుక్ చేస్తేనే వర్తిస్తుందా? యాప్ ద్వారానే చెల్లించాలా? బఫే, కాంబో, సెట్ మీల్స్ మీద ఉందా? పండగ రోజుల్లో, శని, ఆదివారాల్లో ఉందా? బుకింగ్‌కు ముందుగా కట్టించుకున్న డబ్బు బిల్లులో తగ్గిస్తారా? చెల్లించేటప్పుడు యాప్ సొంత ఫీజు ఎంత కలుపుతోంది? కూర్చోగానే మేనేజర్‌తో "ఈ ఆఫర్ ఇవాళ నడుస్తోందా?" అని నిర్ధారించుకోండి. తిన్నాక అడిగితే "ఇవాళ లేదండి" అన్నా చేసేదేమీ ఉండదు.

హోటల్ బిల్లులోనే తగ్గింపు చూపిస్తే, తగ్గాక మిగిలిన మొత్తం మీదే జీఎస్టీ పడాలి. పన్ను పాత మొత్తం మీద వేసి, తర్వాత తగ్గింపు తీసేస్తే అడగండి. తర్వాత వచ్చే క్యాష్‌బ్యాక్‌కు ఇది వర్తించదు.

ఆరో మెట్టు: బిల్లు చదవడం

కార్డో ఫోనో తీసే ముందు ఒక నిమిషం కేటాయించండి. ఐటమ్‌లు, సంఖ్య మొదట చూడండి. వెయిటర్ మార్చి రాసుకున్నవి, వద్దన్నా తెచ్చినవి, నాలుగు రోటీలు ఆరుగా పడ్డవి రద్దీ రోజుల్లో మామూలే. చాలాసార్లు అది మోసం కాదు, తొందర. మర్యాదగా చెబితే మార్చేస్తారు.

తర్వాత పన్ను. మామూలు రెస్టారెంట్‌లో సీజీఎస్టీ 2.5, ఎస్‌జీఎస్టీ 2.5, కలిపి 5 శాతం. బిల్లు మీద 15 అక్షరాల జీఎస్టీ నంబరు ఉండాలి. తెలంగాణది 36తో, ఆంధ్రప్రదేశ్‌ది 37తో మొదలవుతుంది. నంబరు లేకుండా జీఎస్టీ వసూలు చేయడానికి వీల్లేదు. కాంపోజిషన్ పథకంలో ఉన్న చిన్న హోటళ్లు పన్నును తామే కట్టుకోవాలి, మన దగ్గర విడిగా వసూలు చేయకూడదు. ఆ సంగతి బిల్లు మీద, హోటల్‌లో బోర్డు మీద రాసి ఉండాలి. అనుమానం వస్తే జీఎస్టీ పోర్టల్‌లో సెర్చ్ ట్యాక్స్‌పేయర్ అన్నచోట నంబరు కొడితే ఆ హోటల్ రెగ్యులరా, కాంపోజిషనా అన్నది అప్పటికప్పుడు తెలుస్తుంది. బిల్లులో ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే 14 అంకెల నంబరు కూడా ఉండాలి. 2022 జనవరి నుంచి అది తప్పనిసరి. ఆహారం పాడై ఉంటే ఫిర్యాదుకు పనికొచ్చేది ఆ నంబరే.

ఇక సర్వీస్ చార్జి. 5 నుంచి 10 శాతం దాకా, కొన్నిసార్లు వేరే పేరుతో, బిల్లులో తనంతట తానే వచ్చి చేరుతుంది. దాని మీద మళ్లీ జీఎస్టీ వేస్తారు. మన 2,900 బిల్లుకు 10 శాతం సర్వీస్ చార్జి 290 చేరితే 3,190, జీఎస్టీతో 3,349.50. అంటే 304.50 అదనం. దీన్ని బిల్లులో కలపకూడదని, ఏ పేరుతోనూ బలవంతంగా వసూలు చేయకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులై 4న మార్గదర్శకాలిచ్చింది. హోటళ్ల సంఘాలు కోర్టుకెళ్లాయి. ఢిల్లీ హైకోర్టు 2025 మార్చి 28న ఆ మార్గదర్శకాలను సమర్థించింది.

కాబట్టి చేయాల్సింది ఈ వరుసలో:

1. చెల్లించక ముందే "సర్వీస్ చార్జి తీసేసి బిల్లు ఇవ్వండి" అని మేనేజర్‌ను అడగండి. వెయిటర్‌తో వాదించకండి, అతని చేతిలో ఏమీ ఉండదు.
2. కుదరదంటే బిల్లు ఫొటో తీసుకుని, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చేయండి. ఫిర్యాదు నంబరు తీసుకోండి.
3. డబ్బు కట్టేసినా ఫర్వాలేదు, బిల్లు ఉంటే తర్వాతైనా ఫిర్యాదు చేయవచ్చు. బిల్లు పారేస్తే మాత్రం ఆధారం ఉండదు.

టిప్పు సంగతి వేరు. పిల్లలు కింద పోసినది తుడిచి, నాలుగుసార్లు నీళ్లు తెచ్చిన మనిషికి చేతికి నగదుగా ఇవ్వండి. ఆర్డర్ జాగ్రత్తతో వెయ్యికి పైగా మిగిలిన రోజు 50 రూపాయలు అతనికిస్తే అది అతని కుటుంబానికి చేరుతుంది.

సినిమా, మాల్, ప్రయాణం

మల్టీప్లెక్స్‌కు తినే వెళ్లండి, అంతకు మించిన సలహా లేదు. బయటి తిండిని థియేటర్లు అడ్డుకోవచ్చని సుప్రీంకోర్టు 2023 జనవరిలో చెప్పింది. అయితే అదే తీర్పులో తాగునీళ్లు ఉచితంగా ఇవ్వాలని, పసిపిల్లల కోసం తల్లిదండ్రులు తెచ్చిన తిండిని అనుమతించాలని కూడా ఉంది. గేటు దగ్గర పాల సీసా ఆపితే ఈ మాట చెప్పండి.

మాల్ ఫుడ్ కోర్టులో కార్డు రీఛార్జి చేయించాల్సి వస్తే, మిగిలిన బ్యాలెన్స్ వెనక్కి ఇస్తారా, కార్డు డిపాజిట్ ఎంత అని ముందే అడిగి, ఆర్డర్‌కు సరిపడా మాత్రమే వేయించండి.

హైదరాబాద్ నుంచి విజయవాడ లాంటి హైవే ప్రయాణాల్లో పెద్ద ఫుడ్ ప్లాజాల్లో ఆగితే ఊళ్లో ధర కన్నా ఎక్కువే. పులిహోర, దద్దోజనం కట్టుకుని, ఐదు లీటర్ల నీళ్ల క్యాను వేసుకుంటే అక్కడ టీ ఖర్చు తప్ప ఉండదు. పులిహోర చింతపండు పులుపు వల్ల సాయంత్రం దాకా ఉంటుంది. దద్దోజనాన్ని మాత్రం మధ్యాహ్నంలోపు తినేయాలి. తిరుమల వెళ్తే తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద కేంద్రంలో భోజనం భక్తులందరికీ ఉచితం. క్యూ చూసి వెనక్కి తిరగకండి, హాళ్లు పెద్దవి కాబట్టి త్వరగానే కదులుతుంది.

మిగిలినదాన్ని ఇంటికి తేవడం

మిగిలిన బిర్యానీ, కూర కట్టించుకోవడానికి మొహమాటం వద్దు. కొన్ని హోటళ్లు డబ్బాకు పది, ఇరవై రూపాయలు వేస్తాయి. కారులోనో స్కూటర్ డిక్కీలోనో రెండు స్టీలు డబ్బాలు ఉంచుకుంటే ఆ ఖర్చూ ఉండదు. ప్లేటులో చేయిపెట్టి తిన్నది కాకుండా, గిన్నెలో గరిటెతో మాత్రమే తీసుకున్నదాన్నే కట్టించుకోండి. అందుకని మొదటినుంచీ కొంచెం కొంచెంగా వడ్డించుకోవాలి.

వండిన రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో చేరాలి. మన ఎండాకాలంలో, బయట 32 డిగ్రీలు దాటితే, ఒక్క గంటే గడువు. హోటల్ నుంచి ఇంకో చుట్టం ఇంటికి వెళ్లి రాత్రి పదకొండింటికి ఇల్లు చేరేటట్టయితే కట్టించుకోవద్దు. అన్నం విషయంలో ఇది మరీ ముఖ్యం. వండిన అన్నం బయట ఎక్కువసేపు ఉంటే అందులో పెరిగే ఒక రకం బ్యాక్టీరియా వదిలే విషం, మర్నాడు ఎంత వేడి చేసినా పోదు. వాసన కూడా మారకపోవచ్చు. వెంటనే ఫ్రిజ్‌లో పెట్టిన బిర్యానీని మర్నాడు మధ్యాహ్నంలోగా, కొంచెం నీళ్లు చిలకరించి మూత పెట్టి, లోపలిదాకా పొగలు వచ్చేవరకు వేడి చేసి, ఒక్కసారికే తినేయండి. పెరుగు రైతా, సలాడ్ మిగిలితే అక్కడే వదిలేయండి.